వెనక్కి వెళ్లనన్న పిస్టన్

తిరుమల నుంచి కారులో దిగేటప్పుడు మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో, కొండ గోడకు తగిలి తిరిగి వచ్చే చప్పుళ్లలో మన బండిది ఏదో, ముందు బండిది ఏదో తేల్చుకోవడం కష్టం. అందుకే బ్రేకు తొక్కినప్పుడల్లా వస్తున్న ఆ కీచుమనే మోత మాదేనని ఒప్పుకోవడానికి నాకు సగం కొండ పట్టింది. అలిపిరి దాటాక కారు పక్కకు ఆపి దిగాను. ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. డ్రైవరు వైపు చక్రం దగ్గర మాత్రం సెగ చేతిని దగ్గరికి రానివ్వలేదు, పైగా కాలిన వాసన. మోతకు కారణం నాకు తెలుసు. చక్రంతోపాటు తిరిగే డిస్కును అదిమిపట్టే బ్రేకు ప్యాడు అరిగి చివరికి వచ్చినప్పుడు దానికి బిగించిన చిన్న ఉక్కు రేకు ఆ డిస్కుకు రాసుకుని అలా అరుస్తుంది, అది దాని ఉద్యోగం. కుడి చక్రం అంతగా కాలిపోవడానికి కూడా అదే కారణమని సరిపెట్టుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

బెంగళూరుకు తిరిగి వచ్చిన వారంలోనే జె.సి. రోడ్డుకు వెళ్లి ముందు చక్రాల ప్యాడ్ల సెట్టు తెచ్చుకున్నాను. నా కారు పదకొండేళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు. గ్యారేజీకి ఇవ్వకుండా స్వయంగా మార్చాలనుకోవడానికి పొదుపు కారణం కాదు. నాలుగేళ్ల కిందట ఒక గ్యారేజీలో ఇదే పని చేయించినప్పుడు, అక్కడి కుర్రవాడు పొడవాటి టైరు లివరును పాత ప్యాడుకూ డిస్కుకూ మధ్య దూర్చి ప్యాడును డిస్కు మీదికి తోసే పిస్టన్‌ను ఒక్క ఊపున లోపలికి నెట్టేశాడు. పని రెండు నిమిషాల్లో అయిపోయింది గానీ ఆ దృశ్యం నాకు మింగుడు పడలేదు. ఈసారి నెమ్మదిగా, నా చేతులతో చేసుకోవాలని అప్పుడే అనుకున్నాను.

మారతహళ్లి దగ్గరి మా అపార్ట్‌మెంటులో సెల్లారులో కారు కడగడమే నిషేధం, ఇక మరమ్మతు మాట చెప్పనక్కరలేదు. ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపల, విజిటర్ల పార్కింగులో, నేల మీద ఒక్క చుక్క పడకుండా చేసుకుంటానని సెక్రటరీ గారికి మాట ఇచ్చి అనుమతి తీసుకున్నాను. ఆ మూడు గంటల పని మూడు రోజులకు సాగుతుందని అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ముందస్తు పనుల గురించి క్లుప్తంగానే చెబుతాను. కారును మొదటి గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాను. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి కారు బరువును దాని మీదికి దింపాను. విప్పిన చక్రాన్ని కారు అంచు కిందికి పడుకోబెట్టి తోశాను. స్టాండు జారినా కారు ఆ చక్రం మీద కూర్చుంటుంది గానీ మనిషి మీద కాదు. కారుతో వచ్చే జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పనికి దిగేవారికి నేను చెప్పగలిగింది ఒకటే, దిగవద్దు.

ముందు ఎడమ వైపు మొదలుపెట్టాను. డిస్కుకు రెండు వైపులా ప్యాడ్లను పట్టి ఉంచే, పిస్టన్, దాని సిలిండరు ఉండే దిమ్మను కాలిపర్ అంటారు. దాని వెనుక రెండు బోల్టులుంటాయి. కింది బోల్టు తీస్తే కాలిపర్ పెట్టె మూతలా పైకి లేస్తుంది. లేపిన కాలిపర్‌ను ఒక ఇనుప తీగతో స్ప్రింగుకు కట్టాను, ఎందుకంటే దాని బరువు బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ మీద వేలాడకూడదు. పాత ప్యాడ్లు ఊడివచ్చాయి. రెండింటి మీదా సుమారు 2 మిల్లీమీటర్ల మందమే మిగిలింది. దుమ్మును నోటితో ఊదకుండా బ్రేక్ క్లీనరు కొట్టి తడిగుడ్డతో తుడిచాను. ఆ నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లదగినది కాదు.

ఇప్పుడు అసలు ఘట్టం. కొత్త ప్యాడు మందం సుమారు 10 మిల్లీమీటర్లు. అరిగిన ప్యాడ్లతోపాటు ముందుకు వచ్చేసిన పిస్టన్ తిరిగి లోపలికి వెళ్తే తప్ప కొత్త ప్యాడ్లకు అక్కడ చోటు లేదు. పిస్టన్ ఎందుకు ముందుకు వచ్చింది, ఎందుకు తనంతట తాను వెనక్కి పోలేదు అన్నది అర్థమైతేనే దాన్ని ఎలా నెట్టాలో అర్థమవుతుంది. డ్రమ్ము బ్రేకులో లైనర్లను వెనక్కి లాగడానికి స్ప్రింగులుంటాయి. సాధారణ డిస్కు కాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు లేదు. ఉన్నదల్లా సిలిండరు గోడలోని గాడిలో కూర్చున్న ఒక రబ్బరు రింగు. దాని కోత గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటుంది. ముంజేతి మీద వేలు అదిమి కొద్దిగా ముందుకు జరపండి, చర్మం వేలితోపాటే సాగుతుంది. వేలు వదిలితే చర్మం తన చోటికి తాను వెళ్తుంది. ఇంకా ముందుకు జరిపితే మాత్రం వేలు చర్మం మీద జారి కొత్త చోట నిలుస్తుంది. రబ్బరు రింగు చేసేది సరిగ్గా ఇదే. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్‌తోపాటు రింగు అంచు సాగుతుంది, వదిలినప్పుడు పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, ప్యాడు అరిగిన కొద్దీ పిస్టన్ రింగులోంచి జారి మరికాస్త ముందు కొత్త చోటు చూసుకుంటుంది. పిస్టన్ వదిలి వచ్చిన ఖాళీని బోనెట్ కిందున్న డబ్బాలోంచి వచ్చిన బ్రేక్ ఆయిల్ నింపుతుంది.

అంటే పిస్టన్‌ను లోపలికి నెట్టడమంటే ఆ ఆయిల్‌ను వచ్చిన దారినే డబ్బాలోకి పంపడం. ఇది నాకు తెలియనిదేమీ కాదు. తెలిసి కూడా లెక్క వేయలేదు, దానికి శిక్ష వెంటనే పడింది.

నా కారు పిస్టన్ వ్యాసం సుమారు 51 మిల్లీమీటర్లు. లోపలి ప్యాడూ బయటి ప్యాడూ చెరి 8 మిల్లీమీటర్లు అరిగితే, కాలిపర్‌కు ఒకటే పిస్టన్ కాబట్టి ఆ రెండు అరుగుదలలనూ అదే పూడ్చాలి, మొత్తం 16 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. వైశాల్యంతో గుణిస్తే ఒక్కో చక్రానికి 30 మిల్లీలీటర్ల పైచిలుకు, రెండు చక్రాలకు 60 దాటుతుంది. దగ్గు మందు సీసాతో ఇచ్చే 10 మిల్లీలీటర్ల మూతలతో కొలిస్తే ఆరు మూతల ఆయిల్. మామూలుగా అయితే డబ్బాలో మట్టం అంతకు అంత తగ్గి ఉంటుంది గనుక పిస్టన్లు లోపలికి పోయినప్పుడు ఆయిల్ పైకి వచ్చి మాక్స్ గీత దగ్గర ఆగుతుంది, లెక్క సరిపోతుంది. కానీ రెండు నెలల కిందట ఇంజిన్ ఆయిల్ మార్పించిన చోట, బ్రేక్ ఆయిల్ తగ్గిందండీ అంటూ మాక్స్ గీత దాకా ఉచితంగా పోసి పంపారు. తగ్గింది కారిపోయి కాదు, ప్యాడ్లు అరిగి. ఆ సంగతి పోసిన వారూ ఆలోచించలేదు, ధన్యవాదాలు చెప్పి వచ్చిన నేనూ ఆలోచించలేదు.

పాత ప్యాడును పిస్టన్ ముఖానికి అడ్డంగా పెట్టి, దాని నడిమధ్యన, మర తిప్పితే బిగుసుకునే సి-క్లాంపు ఆనించి పావు చుట్టు తిప్పాను. కొద్దిసేపు ఆగి మరో పావు చుట్టు. ఆగి ఆగి తిప్పడానికి కారణం ఉంది. ఆయిల్ వెనక్కి వెళ్లే దారి సన్నని గొట్టాలు, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండరులోని సన్నని రంధ్రం మీదుగా ఉంటుంది, తొందరపెడితే ఎదురు తిరుగుతుంది. ఆ పిస్టన్ మాత్రం ఏ పేచీ పెట్టలేదు. తడిపిన పిండిలో వేలు దిగినట్టు ఒకే రకమైన మెత్తని ప్రతిఘటనతో లోపలికి పోయింది. నేను మురిసిపోతూ బోనెట్ వైపు చూస్తే డబ్బా మూత చుట్టూ ఆయిల్ ఉబికి, పక్కనున్న రంగు రేకు మీద సన్నని ధారగా దిగుతోంది. పొడిగుడ్డతో తుడిచి, పని పూర్తయ్యాక కడుగుదాములే అనుకున్నాను. పది నిమిషాల తరువాత చూసేసరికి రూపాయి బిళ్లంత మేర రంగు ముడతలు పడింది. డాట్ 3, డాట్ 4 రకాల ఆయిల్ రంగును తినేస్తుంది. అయితే నీళ్లలో కరుగుతుంది కాబట్టి పడిన క్షణంలోనే చెంబెడు నీళ్లు పోసి ఉంటే ఆ మచ్చ ఉండేది కాదు. మచ్చ ఇప్పటికీ ఉంది. మందుల దుకాణం నుంచి తెప్పించిన 20 మిల్లీలీటర్ల సిరంజితో డబ్బాలోంచి రెండు మార్లు తోడి, చుట్టూ తడిగుడ్డలు పరిచి అప్పుడు ముందుకు సాగాను.

ఎడమ వైపు కొత్త ప్యాడ్లు కూర్చున్నాయి. సమయం ఏడున్నర. ఇక కుడి వైపు.

కాలిపర్ లేపగానే తేడా కనిపించింది. బయటి ప్యాడు మీద 4 మిల్లీమీటర్ల మందం ఉంది, పిస్టన్ వైపు ఉండే లోపలి ప్యాడు మాత్రం దాదాపు వెనుకనున్న ఇనుప రేకు దాకా అరిగిపోయింది. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు పట్టేసినా ఇలా జరుగుతుంది కాబట్టి వాటిని ముందు చూశాను. రెండూ వేలితో లాగితే వచ్చాయి, గ్రీజు కూడా తడిగానే ఉంది. అయితే దోషం వేరే చోట ఉందన్నమాట. క్లాంపు బిగించి పావు చుట్టు తిప్పాను. కదలలేదు. మరో పావు చుట్టుకు క్లాంపు చట్రమే కొద్దిగా వంగినట్టయింది తప్ప పిస్టన్ ఉన్న చోటనే ఉంది.

ఇక్కడ నా చేతిలో ఉన్న పొడవాటి పానాను క్లాంపు పిడికి తొడిగి ఇంకా బలంగా తిప్పాలనే బుద్ధి పుట్టింది. నిజం చెప్పాలంటే తొడిగాను కూడా. తిప్పబోయే ముందు మదనపల్లెలో ఉన్న మా బాబాయి గుర్తుకు వచ్చి ఫోను చేశాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మా బస్సులకు గాలి బ్రేకులు, మీ కార్ల సంగతి నాకేం తెలుసురా అంటూనే మొదలుపెట్టారు.

"క్లాంపు నేరుగా ఉండాదా, ఒక పక్కకు ఒరిగిందా? చూసినావా?"

చూశాను. కొద్దిగా ఒరిగే ఉంది. పిస్టన్ ఏ కొంచెం వాలినా సిలిండరులో సొరుగు వంకరపోయినట్టు బిగుసుకుంటుంది. క్లాంపు విప్పి, ప్యాడును తిప్పి పెట్టి, నడిమధ్యన ఆనించి మళ్లీ బిగించాను. అయినా కదలలేదు.

"సరే, గాలి తీసే నిపిలు ఉంటాది కదా, దానికి ట్యూబు తొడిగి సీసాలో పెట్టి విప్పు. ఇప్పుడు నెట్టు. పోయిందంటే హోసు లోపల మూసుకున్నట్టు. పోలేదంటే పిస్టనే పట్టేసినట్టు."

ఆ ఒక్క మాటలోని తర్కం నాకు చాలా నచ్చింది. రబ్బరు హోస్ పాతబడితే లోపలి పొర ఉబ్బి, ఆయిల్‌ను ముందుకు పోనిచ్చి వెనక్కి రానివ్వని తలుపులా తయారవుతుంది. బయటికి చూస్తే హోస్ బాగానే కనిపిస్తుంది. కాలిపర్ మీదనే ఉండే బ్లీడర్ నిపిల్ విప్పితే ఆయిల్ హోస్‌లోకి వెళ్లనక్కర లేకుండా అక్కడే బయటికి వస్తుంది. అప్పుడు పిస్టన్ సులువుగా పోతే నేరం హోస్‌ది. నిపిల్ విప్పి, క్లాంపు తిప్పాను. సీసాలోకి రెండు చుక్కలు వచ్చాయేమో, పిస్టన్ మాత్రం శివలింగంలా ఉన్నచోటే ఉంది. నేరం పిస్టన్‌దే.

"అయితే నెట్టేది ఆపు. ముందు బయటికి రానీ, దాని ఒళ్లు చూడు. తుప్పు ఉండేదాన్ని లోపలికి తోస్తే రబ్బరు కోసుకుపోతాది."

క్లాంపుకు లొంగని పిస్టన్‌ను బ్రేకు పెడల్ కదిలించగలదు. ఎడమ వైపు కొత్త ప్యాడ్లు వేసి బిగించి ఉండటం ఇక్కడ అదృష్టం, లేకపోతే కుడి పిస్టన్‌కు బదులు సులువుగా కదిలే ఎడమ పిస్టనే బయటికి దూకి ఉండేది. నిపిల్ మూసి, కాలిపర్ నోట్లో ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి, కింద పళ్లెం ఉంచి మా ఆవిడను పిలిచాను. "నెమ్మదిగా తొక్కాలి, నేను ఆపమన్నప్పుడు ఆపాలి" అంటే, "మీరు కారు నేర్పించేటప్పుడు కూడా ఇదే అన్నారు" అంటూ తొక్కింది. మూడో తొక్కుకు టక్‌మని శబ్దం వచ్చి పిస్టన్ రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. కంప్రెసరు గాలితో పిస్టన్ తీసే పద్ధతి కూడా ఉంది గానీ, అలా తీసినప్పుడు అది తుపాకీ గుండులా వస్తుంది, మధ్యలో వేలు ఉంటే వేలు ఉండదు. పెడల్‌తో తీస్తే వచ్చేది మిల్లీమీటర్ల లెక్కన వస్తుంది.

బయటికి వచ్చిన భాగాన్ని తుడిచి టార్చి వేసి చూశాను. పిస్టన్ చుట్టూ దుమ్ము చొరకుండా ఉండే రబ్బరు తొడుగు, డస్ట్ బూట్ అంటారు, దానికి కింది వైపు సన్నని చీలిక ఉంది. టైరు లివరు మొన తగిలితే ఎలా చిరుగుతుందో అలా, తిన్నగా, గోరంత పొడవున. నాలుగేళ్ల నాటి ఆ ఒక్క ఊపే దీనికి కారణమని నేను నిరూపించలేను. అయినా అనుమానం పోలేదు. ఆ చీలికలోంచి నాలుగు వర్షాకాలాల నీరు లోపలికి దిగింది. పిస్టన్ మీది మెరిసే క్రోమ్ పూత ఒక చోట పొంగి, దాని కింద ఎర్రటి తుప్పు పుట్టలు పుట్టలుగా లేచింది. బ్రేకు తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడి పిస్టన్‌ను బలంగా ముందుకు తోస్తుంది కాబట్టి అది వెళ్లింది. వదిలినప్పుడు దాన్ని వెనక్కి లాగాల్సింది పాపం ఆ రబ్బరు రింగు ఒక్కటే, దానికి తుప్పును గెలిచే సత్తువ లేదు. ఘాట్ రోడ్డు పొడవునా కుడి లోపలి ప్యాడు డిస్కును వదలకుండా రాసుకుంటూ దిగింది. అలిపిరిలో నా అరచేతికి తగిలిన సెగ ఇదన్నమాట. క్లాంపుకు పానా తొడిగి తిప్పి ఉంటే ఆ పుట్టలన్నీ రింగును గీసుకుంటూ లోపలికి వెళ్లి, కారు బాగుపడినట్టే కనిపించి, కొన్నాళ్లకు అక్కడి నుంచి ఆయిల్ కారడం మొదలయ్యేది.

పెడల్ తొక్కిస్తూ, చెక్క ముక్కలు మారుస్తూ పిస్టన్‌ను పూర్తిగా బయటికి తీశాను. ఆదివారం జె.సి. రోడ్డులో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. కాలిపర్‌కు శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పీట మీద పళ్లెంలో ఉంచాను. అయినా డబ్బాలోని ఆయిల్ అంతా రాత్రికి ఖాళీ అవుతుందనే భయం ఉంది. బ్రేకు పెడల్‌ను కొద్దిగా నొక్కి పట్టి ఉంచితే మాస్టర్ సిలిండరులోని రంధ్రం మూసుకుని కారడం ఆగుతుంది. ఇల్లు తుడిచే కర్రను పెడల్‌కూ సీటుకూ మధ్య ఆనించి, నా తెలివికి నేనే ముచ్చటపడి ఇంటికి వెళ్లాను. రాత్రి పది గంటలకు వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో చెప్పాడు: సార్, మీ బండి వెనుక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. పెడల్ నొక్కి ఉంటే బ్రేకు లైట్లు వెలుగుతాయి, ఇంజిన్ ఆగి ఉన్నా వెలుగుతాయి. రెండు బల్బులు, ఒక్కొక్కటి 21 వాట్లు. నా కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, తెల్లవారే దాకా వెలిగి ఉంటే ప్రాణం పోయేది. కిందికి వెళ్లి ఆ లైట్ల ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. ఉదయం సెక్రటరీ గారు ఎదురైతే పళ్లెం చూపించి, నేల మీద చుక్క పడలేదని మాత్రం గర్వంగా చెప్పగలిగాను.

సోమవారం మధ్యాహ్నం పిస్టన్‌ను కవరులో వేసుకుని జె.సి. రోడ్డులో ఒక పాత దుకాణానికి వెళ్లాను. బల్ల వెనుక ఉన్న పెద్దాయన కన్నడంలో పలకరించి, నా ఉచ్చారణ విని నవ్వి తెలుగులోకి దిగారు. పిస్టన్‌ను చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకున్నంత పని చేసి, బొటనవేలి గోరును దాని ఒంటి మీద చుట్టూ నడిపారు. గోరు తుప్పు పుట్ట దగ్గర ఆగింది. "గోరు తట్టిందంటే ఇది పనికిరాదు. గరుకు కాగితంతో రుద్దుకుందామని ఆశపడవద్దు, పూత పోయాక రెండు వానలకే మళ్లీ పట్టేస్తుంది" అన్నారు. కారు మోడల్, సంవత్సరం అడిగి, కొత్త పిస్టన్, సీల్ కిట్ బల్ల మీద పెట్టారు. కిట్‌లో నలుచదరం రింగు, డస్ట్ బూట్, స్లైడ్ పిన్నుల తొడుగులు ఉన్నాయి. రెండో వైపుకు కూడా కిట్ తీసుకోమన్నారు. ఎడమ బూట్ బాగానే ఉందని నేను తీసుకోలేదు. ఆ తీర్మానం సరైనదేనని ఇప్పటికీ అంత ధీమాగా చెప్పలేను. కొత్త బ్రేక్ ఆయిల్, మూత విప్పని డాట్ 4 డబ్బా తీసుకున్నాను. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ చేరాక ఆ కనీసం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్‌లో ఆయిల్ మరిగి బుడగలు కడితే పెడల్ దూదిలా దిగిపోతుంది. పట్టేసిన పిస్టన్‌తో, ఏనాటిదో తెలియని ఆయిల్‌తో పిల్లల్ని కూర్చోబెట్టుకుని కొండ దిగానన్న సంగతి ఆ దుకాణంలో నిలబడి ఉండగా మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

మంగళవారం సాయంత్రం, ఆఫీసు కాల్స్ ముగిశాక, సిలిండరును శుభ్రం చేశాను. ఇక్కడ పెట్రోలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు దగ్గరికి రానివ్వకూడదు. ఈ రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌లో ముంచిన గుడ్డతోనే తుడిచాను. పాత రింగును గాడిలోంచి తీయడానికి ఇనుప మొన వాడకుండా వెదురు పుల్ల చెక్కుకున్నాను, గాడి అంచు గీసుకుపోతే అన్నీ కొత్తవి వేసినా కారుతుంది. గాడి పక్కన పేరుకున్న తుప్పు పొడిని కూడా ఆ పుల్లతోనే, చెవిలో గుబిలి తీసినంత జాగ్రత్తగా గీకాను. సిలిండరు గోడ అదృష్టవశాత్తు నున్నగానే ఉంది.

కొత్త రింగును ఆయిల్‌లో ముంచి గాడిలో కూర్చోబెట్టి, ఎక్కడా మెలిక పడలేదని వేలితో చుట్టూ తడిమి చూశాను. పిస్టన్‌కు కూడా ఆయిల్ పూసి, బూట్‌ను దాని అడుగు అంచుకు తొడిగి, బూట్ రెండో అంచును సిలిండరు నోటి గాడిలో సర్దాను. పిస్టన్‌ను నిలువుగా పట్టి రెండు బొటనవేళ్లతో అదిమాను. ఒక్క క్షణం రింగు దగ్గర ఆగింది. కొద్దిగా అటూ ఇటూ సర్దగానే సన్నగా నిట్టూర్చినట్టు గాలి వదులుతూ అడుగు దాకా దిగిపోయింది. రెండు రోజుల కిందట సి-క్లాంపును వంచిన చోట ఇప్పుడు బొటనవేళ్లు సరిపోయాయి. బాబాయికి వెంటనే ఫోను చేసి చెబితే, "అట్ల పోవాల" అని మాత్రం అన్నారు.

ప్యాడ్లు వేసి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బోల్టులు బిగించి, ఆయిల్ దారిలో చేరిన గాలి తీయడానికి కూర్చున్నాము. పెడల్ మీద మా ఆవిడ, నిపిల్ దగ్గర నేను. తొక్కి పట్టు, విప్పుతున్నాను, మూశాను, వదులు. ఈ నాలుగు మాటలు ఇరవై సార్లు చెప్పుకుని ఉంటాము. పెడల్ వదిలే ముందే నిపిల్ మూయాలి, లేకపోతే తీసిన గాలిని తిరిగి పీల్చుకుంటుంది. మధ్య మధ్య డబ్బాలో ఆయిల్ పోస్తూ ఉండాలి, అది ఖాళీ అయితే పై నుంచి గాలి దిగి మొదటికి వస్తుంది. పారదర్శకమైన ట్యూబులో మొదట నల్లటి ఆయిల్, తరువాత సోడా బుడగల్లాంటి నురగ, చివరికి తేనె రంగులో తేటగా వచ్చింది.

గాలి తీయని వారికి, అంటే పిస్టన్‌ను మామూలుగా వెనక్కి నెట్టి ప్యాడ్లు మాత్రమే మార్చినవారికి కూడా ఒక ప్రమాదం ఉంది. పిస్టన్ పూర్తిగా లోపలికి పోయి ఉంటుంది కాబట్టి ప్యాడుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ ఉంటుంది, మొదటి తొక్కుకు పెడల్ నేలకు తగులుతుంది. కారు కదపకముందే పెడల్ గట్టిపడే దాకా పదే పదే తొక్కాలి. అది మరచిపోయి కారు తీసినవారికి బ్రేకు లేదన్న సంగతి సెల్లారు గోడ చెబుతుంది. నేను చక్రాలు బిగించి, ఫ్యూజు తిరిగి పెట్టి, పెడల్ తొక్కి, ఇంజిన్ వేసి మళ్లీ తొక్కి, కింద చుక్కలేమీ లేవని టార్చితో చూసుకుని అప్పుడే కదిలించాను.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవడానికి 50, 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఓ పది సార్లు మోస్తరుగా బ్రేకు వేయాలి. మారతహళ్లిలో 50 కిలోమీటర్ల వేగం అందుకోవడం తెల్లవారుజామున తప్ప సాధ్యం కాదు; బుధవారం అయిదింటికి నైస్ రోడ్డుకు వెళ్లి ఆ పని ముగించుకుని వచ్చాను. ఆగి రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకే రకంగా వెచ్చగా ఉన్నాయి.

ఈ వార్త అపార్ట్‌మెంటులో ఎలా పాకిందో గానీ, మూడు నెలల తరువాత నాలుగో అంతస్తులో ఉండే విజయవాడ ఆయన తన కారు వెనుక ప్యాడ్లతో మా తలుపు తట్టారు. "మీకు చేతనవును కదండీ, ఒక్క అరగంట" అన్నారు. ఆయన కారుకు నాలుగు చక్రాలకూ డిస్కులే. ధైర్యంగా సి-క్లాంపు బిగించాను, పిస్టన్ కదలలేదు. ఈసారి పానా వైపు నా చెయ్యి పోలేదు. బూట్ చిరగలేదు, తుప్పు లేదు, నిపిల్ విప్పినా అదే వరస. అప్పుడు పిస్టన్ ముఖం వైపు టార్చి వేశాను. ముందు చక్రాల పిస్టన్ ముఖం ఖాళీ గిన్నెలా ఉంటుంది; దీని ముఖం మీద అడ్డంగా, నిలువుగా గాట్లు ఉన్నాయి, స్క్రూ తలలా. హ్యాండ్ బ్రేకు కూడా ఇదే కాలిపర్ మీద పనిచేసే కార్లలో పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది, ప్యాడు అరిగిన కొద్దీ అది తనంతట తాను విచ్చుకుంటూ పిస్టన్‌ను ముందు నిలబెడుతుంది. అటువంటి పిస్టన్‌ను నెట్టితే మర పళ్లు ఎదురు నిలుస్తాయి, బలం పెరిగితే విరుగుతాయి. దాన్ని తిప్పుతూ లోపలికి పంపాలి. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా పని జరగదు. ఆ లివరు వదిలి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టాము. స్విచ్చితో పనిచేసే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు అయితే దాన్ని ముందు సర్వీసు మోడ్‌లో పెట్టాల్సిందే, కాని ఆయనది చేతి లివరే.

గాట్లలో ఇమిడే పళ్లున్న తిప్పుడు పరికరం ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, తరువాతి ఆదివారం మళ్లీ కూర్చున్నాము. డబ్బాలో మట్టం చూసి సిరంజితో ముందే తోడాను. పిస్టన్‌ను నొక్కుతూ కుడివైపుకు తిప్పితే, ఆయన కారులో దారి అటే, గడియారం ముల్లులా నెమ్మదిగా లోపలికి తిరిగింది. ప్రతి అర చుట్టుకు ఆగి, బూట్ పిస్టన్‌తోపాటు మెలిపడుతోందా అని చూసుకుని, మెలిపడిన చోట వేలితో విడదీశాను. పూర్తిగా దిగాక ఒక చిన్న చిక్కు మిగిలింది. కొత్త ప్యాడు వెనుక రేకు మీద ఒక చిన్న బొడిపె ఉంది, అది పిస్టన్ గాటులో కూర్చోవాలి. పిస్టన్ ఆగిన కోణంలో గాటు దానికి ఎదురుగా లేదు. బొడిపె గాటులో పడకుండా బిగిస్తే ప్యాడు ఒరిగి అరుగుతుంది, హ్యాండ్ బ్రేకు కూడా సరిగా పట్టదు. పిస్టన్‌ను మరికాస్త తిప్పి గాటును బొడిపెకు సూటిగా తెచ్చి, ప్యాడు పెట్టి, వేలితో అటూ ఇటూ ఊపి చూశాను. కదలలేదు. కాలిపర్ బిగించి ఆయనను సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కించాను, మొదటి తొక్కుకు కాలు నేలకు తగిలేసరికి ఆయన ముఖం పాలిపోయింది. ఆరో తొక్కుకు పెడల్ గట్టిపడింది. తరువాత హ్యాండ్ బ్రేకు లివరు లాగి వదులుతూ పళ్లు లెక్కపెట్టమన్నాను. మొదట తొమ్మిది, తరువాత ఏడు, చివరికి ఆరో పంటి దగ్గర నిలిచింది.